ఇంటి రౌటర్‌గా తక్కువ కరెంటు తినే చిన్న పీసీ: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, ఇద్దరికీ ఇంటి నుంచే ఆఫీసు పని, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, నాలుగు సీసీ కెమెరాలు, ఒక స్మార్ట్ టీవీ. కంపెనీ వాళ్లిచ్చిన రౌటర్ సాయంత్రమయ్యేసరికి మొరాయిస్తోంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే తప్ప దారికి రావట్లేదు. దాని బదులు చిన్న పీసీ పెట్టాలనుకుంటున్నారు. ఎన్100 ప్రాసెసర్ ఉన్న పెట్టెనా, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన మినీ పీసీనా, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ బోర్డు సరిపోతుందా అన్నది ప్రశ్న. 24 గంటలూ ఆన్‌లో ఉంటే బిల్లు ఎంత పెరుగుతుందో చెప్పమన్నారు. మీ దగ్గర కరెంటు కోతలు కూడా ఎక్కువే అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, ఇంటెల్ ఐ226-వి చిప్‌తో నడిచే ల్యాన్ (నెట్‌వర్క్ కేబుల్) పోర్టులు కనీసం రెండు, 12 వోల్టుల అడాప్టర్, ఫ్యాన్ లేని అల్యూమినియం బాడీ ఉన్న పెట్టె తీసుకోండి. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ ధారాళంగా సరిపోతాయి. బడ్జెట్ అందకపోతే పీసీఐఈ స్లాట్ (అదనపు కార్డు పెట్టే చోటు) ఉన్న పాత ఆఫీసు మినీ పీసీ, లెనోవో టైనీ లాంటిది చూడండి. రాస్ప్‌బెర్రీ పై మీ ఇంటికి వద్దు.

ఇళ్లకీ, చిన్న ఆఫీసులకీ, క్లినిక్కులకీ నెట్‌వర్క్ పెట్టడం నా పని. ఇలాంటి పెట్టెలు చాలా చోట్ల పెట్టాను, పెట్టిన తర్వాత వచ్చే ఫోన్లు కూడా నాకే వస్తాయి. అడిగేవాళ్లు అందరూ ప్రాసెసర్ గురించే అడుగుతారు. తర్వాత ఫోన్ చేసేటప్పుడు మాత్రం ప్రాసెసర్ గురించి ఎవరూ చేయరు. కరెంటు పోయి వచ్చాక పెట్టె ఆన్ కాలేదనో, మధ్యాహ్నం పూట నెట్ తెగిపోతోందనో, లింక్ ఉన్నట్టుండి పడిపోతోందనో చేస్తారు. అందుకే ప్రాసెసర్ సంగతి తొందరగా ముగించి మిగతావాటి మీద ఎక్కువ చెబుతాను.

ఎన్100 2023 మొదట్లో వచ్చింది. నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. 300 ఎంబీపీఎస్ అన్నది దానికి లెక్కలోది కాదు, 1 జీబీపీఎస్‌కి మారినా అదే పెట్టె నడిచిపోతుంది. దానికంటే పాత తరాల్లోని జే4125 పెట్టెలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంటాయి, మీ స్పీడుకి అవీ చాలు. ఇంకా పాతవి, 1 గిగాహెర్ట్జ్ ఏఎండీ చిప్ ఉన్న ఏపీయూ2 బోర్డుల్లాంటివి, ఇప్పుడు డబ్బు పెట్టి కొనకండి. తయారుచేసిన పీసీ ఇంజిన్స్ వాళ్లే ఆ వ్యాపారం ముగిస్తున్నట్టు 2023లో ప్రకటించారు.

ఒక్క జాగ్రత్త. ఎన్100 స్పెసిఫికేషన్‌లో 6 వాట్లు అని ఉంటుంది. అది చిప్ వరకే. గోడ ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే నాలుగు పోర్టుల పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 8 నుంచి 12 వాట్లు, గట్టిగా పని చేస్తున్నప్పుడు 20 పైన చూపిస్తుంది. ఇంటి రౌటర్ రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది కాబట్టి 10 వాట్లు అనుకుని లెక్క వేయండి: రోజుకి 240 వాట్ అవర్లు, నెలకి 7 యూనిట్ల పైచిలుకు, ఏడాదికి 88 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి 700 రూపాయలు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ని రౌటర్ చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది ఖాళీగా 50 వాట్లు తింటే నెలకి 36 యూనిట్లు, ఏడాదికి 3,500 రూపాయలు. పైగా ఆ 36 యూనిట్లు మిమ్మల్ని పై స్లాబ్‌లోకి నెట్టినా నెట్టొచ్చు. ఉచితంగా వచ్చిన డెస్క్‌టాప్ కొన్నేళ్లలో కొత్త పెట్టె ఖరీదు తినేస్తుంది.

ల్యాన్ చిప్ పేరు తెలియకుండా డబ్బు కట్టకండి. అమ్మకం పేజీలో "డ్యూయల్ 2.5జీ ల్యాన్" అని మాత్రమే రాసి ఉంటే అమ్మేవాళ్లని అడగండి. ఐ226-వి అయితే మంచిది. దాని ముందుది ఐ225-వి. ఆ చిప్ తొలి రివిజన్లలో ప్యాకెట్ల (డేటా వెళ్లే చిన్న ముక్కల) మధ్య ఉండాల్సిన విరామం విషయంలో లోపం ఉండేది, కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లకి కలిపితే ప్యాకెట్లు పోయేవి. తర్వాతి రివిజన్లలో సరిచేశారు. పాత పెట్టె కొంటుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఐ226 ఉన్న పెట్టెల్లో కూడా ఒక్కోసారి లింక్ క్షణం పాటు పోయి వస్తుంటుంది. అప్పుడు కరెంటు ఆదా కోసం ఉండే ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ అనే సెట్టింగ్, బయోస్‌లో (పెట్టె ఆన్ చేసేటప్పుడు తెరిచే మూల సెట్టింగుల్లో) ఏఎస్‌పీఎం అనే సెట్టింగ్ ఆపేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

రియల్‌టెక్ చిప్ ఉంటే పనికిరాదని కాదు. లినక్స్ మీద, అంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ మీద, అవి బాగానే నడుస్తాయి. ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ అనే మిగతా రెండు రౌటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఫ్రీబీఎస్‌డీ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టినవి, అక్కడ రియల్‌టెక్‌తో తిప్పలు పాతవే. ఓపీఎన్‌సెన్స్‌లో దానికోసం విడిగా ఒక డ్రైవర్ ప్లగిన్ ఉంది, వేసుకుంటే కొంత నయం. కొత్తగా కొనేటప్పుడు ఆ తలనొప్పి ఎందుకు అన్నదే నా మాట.

పోర్టులు రెండు చాలు. ఒకటి ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే కంపెనీ పెట్టె) వైపు, ఒకటి ఇంటి వైపు. ఇంటి వైపు దానికి మామూలు 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ తగిలించండి. నాలుగు పోర్టులు ఉంటే కెమెరాలకి వేరే నెట్‌వర్క్ ఇవ్వడానికి ఒక పోర్టు కేటాయించొచ్చు. ఆ సదుపాయం బాగుంటుంది కానీ తప్పనిసరి కాదు.

ఇక కరెంటు. మన ఊళ్లలో ఇదే అసలు పరీక్ష. నేను 12 వోల్టులు అని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఓఎన్‌టీలూ, వైఫై రౌటర్లూ ఎక్కువగా 12 వోల్టుల మీదే నడుస్తాయి, వాటికోసం బజార్లో దొరికే చిన్న లిథియం యూపీఎస్‌లు కూడా 12 వోల్టులవే. మీ పెట్టె కూడా 12 వోల్టులదైతే అలాంటి యూపీఎస్ నేరుగా దానికి పెట్టేయొచ్చు. ఆఫీసు మినీ పీసీలు 19 లేదా 20 వోల్టులవి, వాటికి ఈ అవకాశం లేదు, ఇన్వర్టర్ మీద ఆధారపడాల్సిందే.

కొనే ముందు రెండు చూడండి. ఒకటి, యూపీఎస్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది. 2 ఆంపియర్లదైతే 24 వాట్లు. పెట్టె బూట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, ఆ క్షణంలో యూపీఎస్ చేతులెత్తేస్తుంది, పెట్టె మళ్లీ మొదటి నుంచి బూట్ అవడం మొదలుపెడుతుంది. 3 ఆంపియర్లు లేదా అంతకంటే ఎక్కువది తీసుకోండి. రెండోది పిన్, అంటే యూపీఎస్ తీగ ప్లగ్, పెట్టె సాకెట్ ఒకదానికొకటి సరిపోతాయా అన్నది. బయటి కొలత రెండిటికీ 5.5 మిల్లీమీటర్లే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లోపలి కొలత మాత్రం రౌటర్ యూపీఎస్ తీగల్లో ఎక్కువగా 2.1, ఈ పెట్టెల్లో ఎక్కువగా 2.5. 2.1 ప్లగ్ 2.5 పిన్ మీదకి దిగనే దిగదు. తిరగేసి 2.5 ప్లగ్‌ని 2.1 సాకెట్‌కి పెడితే దిగుతుంది కానీ వదులుగా ఉండి, కేబుల్ కదిలినప్పుడల్లా కరెంటు తెగుతుంది. ఇరవై ముప్పై రూపాయల కన్వర్టర్ పిన్ వేస్తే తీరిపోయే సమస్య ఇది, కానీ కారణం తెలియకపోతే రోజుల తరబడి పెట్టెనే అనుమానిస్తారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఒక స్విచ్ చూడండి. చాలా మోడళ్లలో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని రెండు ఉంటాయి. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదకి మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ తేడా తెలియదు, పీసీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

బయోస్‌లోకి వెళ్లి "రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" అనేదాన్ని "పవర్ ఆన్"కి మార్చండి. పేరు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటుంది, పని ఒక్కటే: కరెంటు వచ్చిన వెంటనే ఎవరూ బటన్ నొక్కకుండా పెట్టె దానంతటదే ఆన్ అవ్వాలి. కొనే ముందు ఈ ఆప్షన్ ఉందో లేదో అమ్మేవాళ్లని అడగడం న్యాయం. ఇది లేని పెట్టె ఎంత చవకగా వచ్చినా రౌటర్‌గా పనికిరాదు. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు టీవీ వెనక చేయి పెట్టి బటన్ వెతుక్కోవాల్సి వస్తుంది. సెట్టింగ్ మార్చాక నిజంగానే ప్లగ్ పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి చూడండి.

ఇంకో చిన్న వస్తువు గురించి చెప్పాలి, బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. గుంటూరులో ఒక డాక్టర్ గారి ఇంట్లో పెట్టె రోజూ బాగానే ఉండేది, పెద్ద కరెంటు కోత వచ్చాక మాత్రం నెట్ రాదు. కేబుళ్లు సరిగానే ఉన్నాయి, ఓఎన్‌టీలో గ్రీన్ లైట్ ఉంది, పెట్టె నుంచి బయటి ఐపీ అడ్రస్‌కి పింగ్ వెళుతోంది, వెబ్‌సైట్ మాత్రం ఒక్కటీ తెరుచుకోదు. లోపల తారీఖు చూస్తే కొన్నేళ్ల వెనక్కి పోయి ఉంది. బిళ్ల బ్యాటరీ అయిపోవడంతో కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం మొదటికి వస్తోంది. తారీఖు తప్పైతే, వెబ్‌సైట్ పేరుకి వచ్చిన అడ్రస్ అసలుదేనా అని చూసే డీఎన్ఎస్ఎస్ఈసీ తనిఖీలో పేర్లు ఫెయిల్ అవుతాయి. పేర్లు దొరకకపోతే టైమ్ సర్వర్ అడ్రస్ కూడా దొరకదు, కాబట్టి గడియారం సరికాదు. గడియారం సరికాకపోతే పేర్లు దొరకవు. అలా రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. కొత్త బ్యాటరీ వేసి, టైమ్ సర్వర్లలో ఒకదాన్ని పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో ఇచ్చాను. మళ్లీ ఆ సమస్య రాలేదు. చవక పెట్టెల్లో వచ్చే బిళ్ల బ్యాటరీ మొదటి రోజే మార్చేయడం మంచిది.

వేడి గురించి. ఫ్యాన్ లేని పెట్టె ఎందుకంటే, ఫ్యాన్ ఉన్నదాంట్లోకి దుమ్ము, చీమలు, బల్లి పిల్లలు కూడా వెళతాయి, రెండు మూడేళ్లలో ఫ్యాన్ గరగరలాడుతుంది. అయితే ఫ్యాన్ లేనిదానికి గాలి తగలాలి. తలుపులున్న టీవీ యూనిట్‌లో, సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టి తలుపు మూసేస్తే మే నెల మధ్యాహ్నం అది ఉడికిపోతుంది. బయట 44, 45 డిగ్రీలున్న రోజున ఆ అర లోపల 50 దాటడం పెద్ద విషయం కాదు. గోడకి తగిలించండి, బాడీ మీద ఉండే గాడులు నిలువుగా ఉండేలా తగిలిస్తే వేడి గాలి పైకి పోతుంది. బయోస్‌లో పీఎల్1 అనే పవర్ లిమిట్ ఉంటే 10 వాట్ల లోపు పెట్టండి, మీ 300 ఎంబీపీఎస్‌కి వేగంలో తేడా ఏమీ తెలియదు. కొన్ని చవక పెట్టెల్లో ప్రాసెసర్‌కీ బాడీకీ మధ్య థర్మల్ పేస్ట్ అరకొరగా పూసి ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పి, పాతది తుడిచి, మంచి పేస్ట్ పూస్తే ఉష్ణోగ్రత స్పష్టంగా తగ్గుతుంది. మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో మధ్యాహ్నం మాత్రమే హ్యాంగ్ అయ్యే పెట్టెకి ఇదొక్కటే చేశాను, ఆ ఎండాకాలమంతా ఆగకుండా నడిచింది.

వీలైతే ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకుండా ఖాళీ పెట్టె కొని, ఆ రెండూ పేరున్న కంపెనీవి మీరే వేసుకోండి. వేశాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి. ఎర్రర్ ఒక్కటి కనిపించినా ర్యామ్ వెనక్కి ఇచ్చేయండి.

సెకండ్‌హ్యాండ్ దారి కూడా మంచిదే. హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, అక్కడ తిరిగితే ఆఫీసుల నుంచి వచ్చిన టైనీలు, మైక్రోలు అనే మినీ పీసీలు దొరుకుతాయి. లెనోవో ఎం720క్యూ, ఎం920క్యూ అడగండి. వీటిలో రైజర్ అనే జోడింపు ముక్క వేస్తే పీసీఐఈ కార్డు పడుతుంది, కానీ 2.5 అంగుళాల డ్రైవ్ పెట్టే చోటు పోతుంది, కాబట్టి నేరుగా బోర్డుకే తగిలించే ఎం.2 ఎస్ఎస్‌డీ వాడాలి. ఇంటెల్ ఐ350 రెండు పోర్టుల నెట్‌వర్క్ కార్డు వేస్తే గట్టి రౌటర్ తయారవుతుంది. ఈ కార్డుల్లో నకిలీవి చాలా తిరుగుతున్నాయి, ధర మరీ తక్కువ చెప్తే అనుమానించండి. రైజర్, కార్డు ధర విడిగా కలిపి చూసుకున్నాకే చవకో కాదో తేల్చండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డుతో కలిపి 15 వాట్ల చుట్టుపక్కల తింటుంది, ఫ్యాన్ ఉంటుంది, 20 వోల్టుల అడాప్టర్. ఈ మూడూ మీకు సమ్మతమైతే ప్రాసెసర్ పరంగా ఎన్100కి ఏమీ తీసిపోదు.

పాత ల్యాప్‌టాప్ గురించి కూడా కొందరు అడుగుతారు. బ్యాటరీ ఉంది కదా, యూపీఎస్ అక్కర్లేదు కదా అని. ఏడాది పొడవునా ఛార్జింగ్‌లో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. ఇంట్లో పిల్లలున్నారు, ఆ పని చేయకండి.

రాస్ప్‌బెర్రీ పై ఎందుకు వద్దన్నానంటే, పై 4లో నిజమైన గిగాబిట్ పోర్టు ఒక్కటే ఉంది, రెండోది యూఎస్‌బీ అడాప్టర్‌తో పెట్టుకోవాలి. 300 ఎంబీపీఎస్ వెళ్లదని కాదు, వెళుతుంది. కానీ ఇంటి ఇంటర్నెట్ అంతా ఒక యూఎస్‌బీ ప్లగ్ మీద వేలాడుతుంది. పైగా కరెంటు హఠాత్తుగా పోయే చోట ఎస్‌డీ కార్డు నమ్మదగింది కాదు. ఫోన్లలో ఉండే రకం ప్రాసెసర్‌తో వచ్చే చిన్న ఆర్మ్ బోర్డే కావాలనుకుంటే నానోపై ఆర్4ఎస్ లాంటిది చూడండి, కాకపోతే అదీ ఎస్‌డీ కార్డు మీదే నడుస్తుంది. రెండు గిగాబిట్ పోర్టులు బోర్డు మీదే ఉంటాయి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాన్ని అధికారికంగా సపోర్ట్ చేస్తుంది, కరెంటు ఇంకా తక్కువ తింటుంది.

సాఫ్ట్‌వేర్ ఏది వేయాలో మీరు అడగలేదు, కానీ పెట్టె ఎంపిక దాని మీద కూడా ఆధారపడుతుంది. మీ ఇంటి సమస్య విన్నాక నేనైతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తాను. సాయంత్రం పూట మీటింగ్‌లో మాట ముక్కలుముక్కలుగా రావడానికి ఎక్కువసార్లు కారణం స్పీడు లేకపోవడం కాదు. ఎవరో ఫోన్ నుంచి ఫొటోలు బ్యాకప్ అవుతుంటాయి, కెమెరాలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటాయి, అప్‌లోడ్ దారి నిండిపోయి మీ మాట ఉన్న ప్యాకెట్ వాటి వెనక వేచి ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ (ప్యాకెట్లని వంతులవారీగా పంపేది) వేసి, కేక్ అనే పద్ధతి ఎంచుకుని, మీకు నిజంగా వచ్చే స్పీడులో 90 నుంచి 95 శాతం దగ్గర పరిమితి పెట్టండి. స్పీడ్‌టెస్ట్ అంకె కొంచెం తగ్గుతుంది, మీటింగ్ మాత్రం తెగదు. ఈ పని ప్రాసెసర్ మీద భారం వేస్తుంది, చవక రౌటర్లు చేయలేక చతికిలపడేది ఇక్కడే. ఎన్100కి మాత్రం ఇది సునాయాసం.

ఓపీఎన్‌సెన్స్ వేయాలనుకుంటే అదీ మంచిదే, మెనూలు పద్ధతిగా ఉంటాయి, అప్‌డేట్లు సులువు. కేక్ అందులో లేదు, ఎఫ్‌క్యూ కోడెల్ ఉంది, అది చాలావరకు ఆ పని చేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, కరెంటు అర్ధంతరంగా పోయినా ఫైళ్లు పాడయ్యే భయం తక్కువ. మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టే పీపీపీఓఈ రకమైతే ఒక సంగతి: ఫ్రీబీఎస్‌డీలో ఆ ట్రాఫిక్ లోపలికి వచ్చేటప్పుడు మామూలుగా ఒక్క కోర్ మీదే పడుతుంది. 300కి ఎన్100 మీద ఇబ్బంది లేదు. రేపు 1 జీబీపీఎస్‌కి మారి, పెట్టె పాత జే సిరీస్‌దైతే అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి, పెట్టె శక్తి మిగిలిపోతోంది కదా అని ఒకే పీసీని చాలా కంప్యూటర్లలా నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి, రౌటర్‌ని అందులో ఒక వర్చువల్ మెషీన్‌గా పెట్టి, పక్కన మరో నాలుగు నడపమని వీడియోల్లో చెబుతుంటారు. ఇద్దరి ఉద్యోగాలు ఆ ఇంటర్నెట్ మీద నడుస్తున్న ఇంట్లో రౌటర్‌ని రౌటర్‌గానే ఉంచండి.

వైఫై ఈ పెట్టె లోపల పెట్టే ప్రయత్నం చేయకండి. వీటిలో వచ్చే ఇంటెల్ వైఫై కార్డులు 5 గిగాహెర్ట్జ్‌లో యాక్సెస్ పాయింట్‌గా (మిగతా పరికరాలకి వైఫై ఇచ్చేదిగా) సరిగా పనిచేయవు. మీ దగ్గరున్న మామూలు వైఫై రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోండి: దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, వేరే ఐపీ అడ్రస్ ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకి కాకుండా ల్యాన్ పోర్టుకి పెట్టండి.

పెట్టె ఆర్డర్ చేసే ముందు మీ ఇంటర్నెట్ కంపెనీకి ఒక్క ఫోన్ చేయండి. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి ఇంటర్నెట్‌ని మీ పెట్టెకి దాటించేలా) పెడతారా, వీల్యాన్ నంబర్ ఎంత, కనెక్షన్ పీపీపీఓఈనా డీహెచ్‌సీపీనా, పరికరం మార్చితే మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) మళ్లీ నమోదు చేయాలా అని అడగండి. ల్యాండ్‌లైన్ కూడా అదే ఓఎన్‌టీ నుంచి వస్తుంటే, బ్రిడ్జ్ చేశాక ఫోన్ పనిచేస్తుందో లేదో కూడా అడగండి. బ్రిడ్జ్ కుదరదంటే మీ పెట్టె వాళ్ల రౌటర్ వెనక రెండో రౌటర్‌గా ఉంటుంది. అలా కూడా ఎస్‌క్యూఎం బాగానే పనిచేస్తుంది, బయట నుంచి నేరుగా ఇంటి కెమెరాలకి కలిసి చూడటం లాంటివి మాత్రం కష్టమవుతాయి.

ఈ ఫోన్ చేసినప్పుడే ఇంకోటి చేయండి. ఒక సాయంత్రం సమస్య వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా కంపెనీ రౌటర్‌కి పెట్టి చూడండి. కేబుల్ మీద బాగుండి వైఫైలో మాత్రమే ఇబ్బంది ఉంటే మీకు కావాల్సింది కొత్త పీసీ కాదు, మంచి యాక్సెస్ పాయింట్. కేబుల్ మీద కూడా అలాగే ఉంటే, పైన చెప్పిన పెట్టె తీసుకోండి. కంపెనీ వాళ్లు చెప్పిన వివరాలు, మీరు చూస్తున్న మోడల్‌లో ల్యాన్ చిప్ పేరు, అడాప్టర్ వోల్టేజీ ఇక్కడ రాస్తే, కొనే ముందు ఒకసారి చూసి చెబుతాను.